ఆర్డరు లేని రోజుల్లో ఒక వీధి

2022 మొదట్లో నేను రాయగడ పట్టణంలో లేడీ హెల్త్ విజిటర్‌గా ఉన్నాను. ఇంటింటికీ తిరిగే నర్సుల పనిని పర్యవేక్షించి, వాళ్ళ రిపోర్టులను డాక్టరుగారికి అందించే హోదా అది. అంతకు ముందు చాలాకాలం పక్క జిల్లాలోని దామంజోడి వైపు పనిచేశాను. కరోనా ఆంక్షలు ఒక్కొక్కటిగా సడలిపోతున్న రోజులవి. వీధికి అడ్డంగా తాళ్ళు కట్టడం, ఇంటి తలుపుకు స్టిక్కరు అంటించడం ఆగిపోయాయి. జబ్బు పడ్డవాళ్ళను ఇంట్లో ఉండమని చెప్పడం వరకే మా పని. కాపలా పెట్టే పద్ధతి పోయింది.

ఒక ఉదయం మా నర్సు ఫోన్ చేసింది. ముందురోజు ఆమె పరీక్ష చేసిన రాజేశ్వరికి కరోనా అని తేలింది. తెల్లారేసరికి వీధివాళ్ళు ఆమె గుమ్మానికి అడ్డంగా వెదురుకర్రలు కట్టేశారట. రాజేశ్వరి ఇంటి ముందుగదిలోనే టిఫిన్ హోటల్ నడుపుతుంది. పెనిమిటి పోయాక ఆ ఇడ్లీపాత్రే ఆమెకు ఆధారం.

నేను వెళ్ళేసరికి గుమ్మం ముందు అప్పలరాజు నిలబడి ఉన్నాడు. మునిసిపాలిటీలో నీళ్ళ పంపు ఆపరేటరు. పక్కిల్లు అతనిదే. కట్లు విప్పమన్నాను. కదల్లేదు.

"మా అమ్మికి సికిల్ సెల్ ఉంది దీదీ. పురిటికొచ్చింది. మజ్జిలో గోడొక్కటే అడ్డం. ఈవిడికి యాపారం కావాల, నాకు పిల్ల కావాల" అన్నాడు.

సికిల్ సెల్ అంటే రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు. మా జిల్లాల్లో కొత్తది కాదు. కడుపుతో ఉన్న మనిషికి అది ఉండి, పైన ఊపిరితిత్తుల జబ్బు సోకితే ప్రాణం మీదికి వస్తుంది. అతని భయం అబద్ధం కాదు. అయినా మనిషిని ఇంట్లో పెట్టి కట్టే హక్కు అతనికి లేదు, నాకూ లేదు. ఆ మాటే చెప్పి, వంటింటి కత్తి ఒకటి తెప్పించి తాళ్ళు నేనే కోశాను. ఎవరూ సాయం రాలేదు, అడ్డమూ రాలేదు.

రాజేశ్వరి ముక్కుకు కొంగు కట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గవర్నమెంటోళ్ళే ఒగ్గేసినారు. ఈళ్ళెవులు నన్ను కట్టీడానికి? రేపే హోటల్ తెరుత్తాను. మూసీమని మీకాడ ఆర్డరుందేటి?"

"లేదు. ఆర్డరుంటే నిన్ను అడగను, సెప్పేసి ఎల్లిపోదును. లేదు కాబట్టే అడుగుతున్నాను" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. అప్పలరాజు వైపు చూసింది. అతని కూతురు లక్ష్మి కడుపుతో ఉందని ఆమెకు తెలుసు, రోజూ ఇడ్లీ పంపేది కూడా. జబ్బు సంగతి మాత్రం ఇందాక గుమ్మం ముందు అతను నాతో అన్నది లోపలినుంచి వినేవరకు తెలియదు. అత్తవారి వైపు మాట వస్తుందని అప్పలరాజు దాన్ని ఎవరికీ చెప్పలేదు. నర్సుకు తెలుసు కాని, ఒకరి జబ్బు ఇంకొకరికి చెప్పడం మా ఉద్యోగంలో నిషిద్ధం.

"ఆ ముక్క రాతిరే సెప్తే నానే మూసుకుందును గదా అన్నియ్యా. కర్రలు కట్టి సెప్పాలేటి?" అంది రాజేశ్వరి.

హోటల్ మూస్తానంది. ఒక షరతు పెట్టింది. కుళాయి వీధి చివర ఉంది, తాను అక్కడికి వెళ్ళకూడదు. కాబట్టి నీళ్ళు అప్పలరాజే తేవాలి. మరొకరు తెస్తే ఒప్పుకోనంది. అతను ససేమిరా అన్నాడు. ఇంతలో లక్ష్మి తమ గుమ్మంలోంచి, "నాన్నా, నువ్వు తేకపోతే నాను తెత్తాను" అంది. అతను బిందె అందుకున్నాడు.

రాజేశ్వరి కోలుకుని హోటల్ తెరిచింది. కొద్దిరోజులకు అప్పలరాజే మా ఆరోగ్య కేంద్రానికి వచ్చి, లోపలికి రాకుండా గేటు బయట నిలబడ్డాడు. "రాతిరినుంచి జొరం దీదీ. ఇంటికెల్లలేదు, పంపు గదిలోనే ఉండిపోనాను" అన్నాడు. పరీక్ష చేస్తే కరోనాయే. తగ్గేదాకా అక్కడే ఉన్నాడు. రాజేశ్వరి రోజూ టిఫిన్ గిన్నె ఆ గది కిటికీకి తగిలించి వచ్చేది.

లక్ష్మికి జిల్లా ఆసుపత్రిలో కాన్పు అయింది. రక్తం ఎక్కించవలసి వచ్చింది కాని, తల్లీబిడ్డలు క్షేమంగా ఇల్లు చేరారు. అది మా జాగ్రత్త వల్లేనని రుజువు చేయలేను.

అంటువ్యాధుల పనిలో మాకు మొదట కావలసింది సమాచారం. జ్వరం వచ్చినవాడు వచ్చి చెప్పకపోతే ఏ ఉత్తర్వూ పనిచేయదు. కట్టేస్తారని భయపడేవాడు చెప్పడు. తన నిర్ణయం తన చేతిలో ఉందనీ, దాని వల్ల ఎవరికి ఏమవుతుందో తెలుసనీ అనుకున్నవాడు చెబుతాడు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు అడిగాను, ఆ పైనే నియమం చెప్పాను.