కపిల బానకు వెండి రంగు

ఆ రోజుల్లో ఇనుముకు తుప్పు పట్టించడం కూడా ఒక ఉద్యోగమంటే మా వైపు ఎవరూ నమ్మేవాళ్లు కాదు. వదిలేస్తే దానంతట అదే పట్టేదానికి జీతమెందుకని అడిగేవాళ్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బెంగుళూరులో చేరింది ఆ పనికే. వీడియో గేముల్లో కనిపించే తలుపులకూ, పైపులకూ, యుద్ధ ట్యాంకులకూ కంప్యూటర్లో పైతోలు తొడగాలి. దాన్ని టెక్స్చర్ అంటారు. (మా అమ్మ "మావోడు ఇనుముకు రంగులేస్తాడు" అని చెప్పుకునేది. అంతకంటే బాగా నేనిప్పటికీ చెప్పలేను.) అప్పటి సంగతి ఒకటి ఏళ్ల తరబడి చెప్పి చాలామందిని నవ్వించాను. అందులో వెర్రివాడు మా మేనమామ. అది జరిగినట్టు ఒక్కసారైనా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఒక గేములో జనం ఖాళీ చేసిపోయిన ఊరి కోసం ఇనుప నీళ్ల ట్యాంకు చేసే పని నాకు పడింది. నేను చేసింది చూసి మా టీం లీడరు, "ఇది ఇనుము కాదు గురూ, ప్లాస్టిక్ బకెట్టుకు చాక్లెట్ పూసినట్టుంది. సోమవారానికి నాకు ఇనుము కనపడాల. లేదంటే నువ్వు కనపడొద్దు" అన్నాడు. హాస్యానికి అనలేదు. నాకింకా ఉద్యోగం ఖాయం కాలేదు. నిజమైన పాత ఇనుము ఫోటో తీసి, దాన్ని ఆకారం మీద పరిచి, మెరిసే చోటూ మెరవని చోటూ విడివిడిగా చూపిస్తే తప్ప కన్ను నమ్మదు. అప్పుడు గుర్తొచ్చింది మా మామ బావి దగ్గర పడి ఉన్న కపిల బాన. ఎద్దులతో నీళ్లు తోడే పెద్ద ఇనుప కడవ. బావి ఎండినప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అంత మంచి తుప్పు బెంగుళూరులో ఎక్కడా దొరకదు.

ఆఫీసు కెమెరా బతిమాలి తీసుకుని, కదిరిలో బస్సు మారి, తనకల్లు అవతల ఉన్న మామ ఊరికి మిట్టమధ్యాహ్నం చేరాను. ఎండలో ఫోటో తీస్తే నీడలు కూడా అందులో అతుక్కుపోతాయి, పనికిరాదు. మబ్బు కావాలి. అరుగు మీద కూర్చుని ఆకాశం చూస్తుంటే మామ అత్తను పిలిచాడు.

"ఇదో, మబ్బు కోసరం ఇంకొకడు తయారైనాడు. వీనికి వాన వద్దంట, ఫోటోకంట."

"వచ్చేది వస్తే మనకూ రెండు చినుకులు రాల్చమని చెప్పప్పా" అంది అత్త.

మబ్బు రాలేదు. పొద్దున ఎండ ఎక్కకముందే తీస్తానన్నాను. "నా ఉద్యోగం ఆ బాన మీదనే ఉండాది మామా. విదేశాల్లో వాళ్లంతా చూస్తారు" అని కూడా అన్నాను. తుప్పు కోసం వచ్చానని మాత్రం చెప్పలేదు. ఇనుము ఫోటో అంటే తుప్పు ఫోటో అని ఎవరికైనా తెలుస్తుందనుకున్నాను.

తెల్లవారి బావి దగ్గరికి పోతే బాన ధగధగా మెరుస్తోంది. చింతపండుతో, ఇసుకతో తోమి, తలుపులకు కొట్టగా మిగిలిన వెండి రంగు పూసి, దసరాకు పనిముట్లకు పెట్టినట్టు పసుపూ కుంకుమా పెట్టి, ఒక బంతిపువ్వు కూడా ఉంచాడు మామ. రంగింకా ఆరలేదు. నాకు బాగా కనపడాలని అంచు పట్టుకుని తిప్పాడు. నాలుగు వేళ్లూ రంగులో దిగబడ్డాయి.

"ఏం పని చేసినావు మామా, బుద్ధుండాదా? నాకు కావాల్సింది ఆ తుప్పే."

"తుప్పా? తుప్పు చూపిస్తే మన సేద్యం పోయిందని దేశాలన్నిటికీ తెలుస్తాది కదప్పా."

(ఇక్కడి దాకా చెప్పి ఆపితే ఆఫీసులో అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. తర్వాతి మాట ఎప్పుడూ చెప్పలేదు.) "నీ చెయ్యి పడితే ఏదైనా ఇంతే. బావీ ఇంతే" అన్నాను. మామ వేళ్లకంటిన వెండి రంగును పంచెకు తుడుచుకున్నాడు.

వేరే దారిలేక ఆ బాననే ఫోటోలు తీసుకుపోయాను. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే, తోమినా పోని గుంటల్లోంచి తుప్పు రంగును పొడుచుకుని పైకొస్తోంది. అంచు మీద వేలిగుర్తులు. ట్యాంకుకు అదే తొడిగాను. సోమవారం లీడరు చాలాసేపు చూశాడు. "తుప్పు ఎవడైనా చేస్తాడు గురూ. తుప్పును ఎవరో దాచాలని చూసినట్టు చేసినావే, అదీ పని. ఈ వేళ్లు యాడివి?" అన్నాడు. నేనే చేత్తో గీశానన్నాను. ఉద్యోగం ఖాయమైంది.

చాలా రోజులకు మామ ఒకసారి బెంగుళూరు ఆసుపత్రికొచ్చి నా గదిలో దిగాడు. "మన బాన యాడుందిరా?" అని తనే అడిగాడు. చూపించాను. ట్యాంకును వదిలేసి చుట్టూ ఉన్న కూలిన ఇళ్లనూ, ఎండిన కాలువనూ, మనిషి లేని వీధినీ చూస్తూ కూర్చున్నాడు.

"జనాలంతా యాడికి పోయినారు?"

"ఎవరూ లేరు మామా. అంతే ఆ ఊరు."

"బెంగుళూరుకే వచ్చింటారులే" అని తనే నవ్వాడు. తర్వాత తెర మీద ట్యాంకు అంచు దగ్గరికి చెయ్యి తీసుకుపోయి, నాలుగు వేళ్లూ ఆ గుర్తుల మీద ఆనించి చూసుకున్నాడు. సరిపోయాయి.

ఇప్పుడు తుప్పుకు బటనొచ్చింది. నొక్కితే ఎంత కావాలంటే అంత పడుతుంది. నా కింద పనిచేసే కుర్రవాళ్లు, సార్ ప్రతి ఇనుప సామాను అంచు మీదా నాలుగు వేలిగుర్తులు పెడతాడని నవ్వుకుంటారు. నవ్వనీ. నన్ను చూసి నవ్వితే నాకూ నవ్వొస్తుంది. మామను చూపించి అందరినీ నవ్వించిన రోజుల్లో రాని నవ్వు అది.