ప్లగ్గులకు పెట్టిన బొట్లు

కారున్న ఇంట్లో పుట్టినవాడికి కారు గురించి అన్నీ తెలుసని ఊరంతా నమ్మే కాలం అది. అరవైల మొదట్లో, కొడవలూరులోని మా ఇంట్లో తాత వదిలిపోయిన పాత కారొకటి ఉండేది. మద్రాసులో చదివేటప్పుడు ఒక మెకానిక్ షెడ్డు ముందు నిలబడి నాలుగు మాటలు నేర్చుకొచ్చాను (కాయిల్, పాయింట్లు, ప్లగ్గులు, నాలుగోది ఇప్పుడు గుర్తులేదు). దాంతో ఇంటిల్లిపాదికీ నేనే మెకానిక్కునయ్యాను. ఆ బిరుదు ఎంత ప్రమాదమో ఆయుధపూజనాటి మధ్యాహ్నం తెలిసొచ్చింది.

నిండు నెలల మా అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, "ఇది నా చేతిలో లేదు, నెల్లూరు ఆస్పత్రికి తీసకపోండి" అనేసింది. బావ బిట్రగుంటలో రైల్వే డ్యూటీలో ఉన్నాడు. అక్కను వెనక సీట్లో పడుకోబెట్టి, మా అవ్వను ముందు సీట్లో ఎక్కించుకుని సెల్ఫ్ నొక్కాను. ఇంజను గిరగిరా తిరిగింది గానీ అందుకోలేదు. అక్క మూలిగినప్పుడల్లా మళ్ళీ నొక్కాను. బానెట్ ఎత్తాను. హారన్ గట్టిగానే మోగుతోంది కాబట్టి బ్యాటరీ తప్పు కాదు. కాయిల్ తీగ ఊడదీసి ఇంజను దగ్గరగా పట్టి, అవ్వను సెల్ఫ్ నొక్కమన్నాను (ఆవిడ దణ్ణం పెట్టి మరీ నొక్కింది). నిప్పురవ్వ టపటపమంది, కాయిలూ బాగానే ఉంది. పాయింట్లు గరుకు కాగితంతో రుద్దాను, అయినా అంతే. చెమటలు కారుతుండగా వంగి చూస్తే, ప్లగ్గుల తెల్లటి పింగాణీ మెడల నిండా తడి పసుపు, దానిమీద కుంకుమ! కరెంటు ప్లగ్గు లోపలికి పోకుండా ఆ తడి మీదుగా ఇంజను ఇనుములోకి జారిపోతోంది.

"అవ్వా, ఇదేంది?"

"పొద్దన పూజ చేసినాను గదరా అబ్బయ్యా. నాలుగు తలకాయలు వరసగా కూసోనుంటే బోసిగా ఎట్ట వదిలేది?"

గుడ్డ తీశాను. అవ్వ నా చెయ్యి పట్టేసుకుంది. "బిడ్డ కాన్పుకు పోతావుంటే బొట్టు చెరపతావా? నా పేణం పోయినా తుడవనియ్యను!" కరెంటు సంగతి వివరించబోయి, మధ్యలోనే ఏడ్చేశాను. అక్కకేమవుతుందోనన్న భయం అలాంటిది. అప్పుడు అక్కే పళ్ళు బిగించి లేచి కూర్చుంది. "చెరపొద్దులే అవ్వా, ఆ బొట్లన్నీ తీసి నాకు పెట్టు. బిరీన పెట్టు!"

చెరపడం తప్పుగానీ, మార్చడానికి అడ్డేముంది? అవ్వ ఒక్కో ప్లగ్గు మీది కుంకుమా వేలితో తీసి అక్క నుదుటికీ, చెంపలకూ, గడ్డానికీ పెట్టింది (ఇంజను నూనెతో సహా). మిగిలిన తడి నేను పొడిగుడ్డతో తుడిచి సెల్ఫ్ నొక్కితే, కారు రెండుసార్లు దగ్గి అందుకుంది. దారి పొడుగునా ఊపిరి బిగబట్టి నడిపాను. ఆస్పత్రిలో నర్సమ్మ అక్క ముఖం చూసి, "ఏ జాతర నుంచి తెస్తా ఉండారయ్యా?" అంది. అంత నొప్పిలోనూ అక్క నవ్వింది.

పొద్దుగూకే వేళకు లోపల్నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. తల్లీ బిడ్డా క్షేమమన్నారు. నేను గోడకు ఆనుకుని మళ్ళీ ఏడ్చాను. "వీడికి ఏమన్నా తాగడానికి ఇయ్యండమ్మా, కాన్పు వీడికే అయినట్టుండాది" అని అవ్వ లోపలికి పోయింది.

అప్పటి నేను, ఆ కుర్రాడు, ఇప్పుడెక్కడైనా ఎదురుపడితే, పక్కన కూర్చోబెట్టుకుని "బండి బాగా నడిపినావురా" అనాలనిపిస్తుంది. ఆ రోజు పిల్ల సంబరంలో ఆ మాట ఎవరికీ తోచలేదు. వాడు మాత్రం దానికోసం ఆస్పత్రి వరండాలో చాలాసేపు నిలబడ్డాడు.