ఎనభైకి నాలుగు తక్కువ

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. వంగిపోయిన కనెక్టింగ్ రాడ్ ఒకటి. పగిలిన పిస్టన్ ఒకటి. వాటితో పాటు క్రాంక్ మొత్తం. నా భార్య తమ్ముడికి సింగపూర్‌లో మిగిలిన ఒకే ఒక్క దారి. ఆదివారం మధ్యాహ్నాలు మా బిషాన్ ఫ్లాట్‌లో వినిపించే అతని నవ్వు.

నేను ఇంజనీరును కాను. పడవలకు సామాన్లు అందించే గోదాములో స్టాకు చూస్తాను. లెక్కలు నాకెవరూ నేర్పలేదు, కంటబడిందల్లా కొలుస్తూ నేర్చుకున్నాను. నా బావమరిది సాఫ్ట్‌వేర్ టెస్టర్, క్లెమెంటిలో ఒక గదిలో అద్దెకు ఉండేవాడు. ఉద్యోగం పోయింది, దానితో ఇక్కడ పనిచేయడానికి ఇచ్చే పాసూ రద్దయింది. దేశం విడవడానికి ముప్పై రోజుల గడువు. పెట్టిన అప్లికేషన్లకు ఒక్క జవాబూ రాలేదు.

తణుకులో వాళ్ళ నాన్నది స్కూటర్ల మెకానిక్ షాపు. టూ స్ట్రోక్ ఇంజన్ల చప్పుడు మధ్యే పెరిగాడు. పాసిర్ రిస్ వైపు ఒక పడవల యార్డుకు నాతో వచ్చిన రోజు, షెడ్డు వెనక టార్పాలిన్ కింద ఉన్న పాత వాటర్ స్కూటర్ దగ్గరే ఆగిపోయాడు. యార్డు యజమానిని అందరూ టౌకే అంటారు. ఆయనకు మెకానిక్ అవసరం ఉంది, కాగితాల మీద మాత్రం నమ్మకం లేదు.

"దిస్ వన్ మాక్సిమమ్ సెవెంటీ వన్. యూ మేక్ ఎయిటీ, ఐ అప్లై యువర్ పాస్. కెనాట్, గో హోమ్ లా."

"గంటకు తొమ్మిది కిలోమీటర్లేగా బావగారూ," అన్నాడు తిరిగొచ్చేటప్పుడు బస్సులో.

"తొమ్మిది కాదయ్యా, నలభై మూడు."

నీటి మీద వేగం రెట్టింపు కావాలంటే బలం ఎనిమిది రెట్లు కావాలి. ఆ లెక్కన డెబ్బై ఒకటి ఎనభై కావాలంటే ఇంజన్ బలం నూటికి నలభై మూడు పెరగాలి. ఇదంతా చెబితే, "మీరు లెక్క చెప్పకపోతే ఇంకో రెండు స్టాపులు హాయిగా కూర్చునేవాణ్ణి కదండీ," అన్నాడు.

కార్బొరేటర్లకు పెద్ద జెట్లు వేశాడు. సిలిండర్లో పొగ బయటికి పోయే రంధ్రం పైఅంచును ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీశాడు. నీటిని వెనక్కి నెట్టే రెక్కల వాలు మార్పించాం. టౌకే తానే నడిపి చూశాడు. డెబ్బై ఆరు. నలభై మూడులో ఇరవై మూడు దొరికాయన్నమాట. "స్టిల్ ఫోర్," అని టౌకే లోపలికి వెళ్ళిపోయాడు. ఆ వారం మా ఆవిడ వడ్డించిన అన్నం ముందు కూర్చుని కూడా అతను వేళ్ళ మధ్య ఒక బోల్టు తిప్పుతూ ఉండేవాడు.

ఇక మిగిలింది సిలిండర్ హెడ్. అడుగు అరగదీస్తే మంట రగిలే గది చిన్నదై ఒత్తిడి పెరుగుతుంది, మరీ అరగదీస్తే పిస్టన్ కరుగుతుంది. మందుల షాపు సిరంజితో నూనె పోసి కొలిచాను. ముప్పై ఆరు సీసీ వచ్చింది. ముప్పై రెండు దగ్గర ఆగమన్నాను.

"ముప్పై ఒకటి?"

"వద్దు."

"మా నాన్నైతే చెవితోనే చెప్పేసేవారండి."

"మీ నాన్నగారి నెత్తిన గడువు లేదు."

ముప్పై రెండుకు తోడు, ఇంకో బండి నుంచి తీసిన సైలెన్సర్. కాగితం మీద ఎనభైన్నర వచ్చింది.

శనివారం పొద్దున, మకాన్ చేసి వచ్చి సముద్రంలో చూస్తానని టౌకే తిండికి వెళ్ళాడు. ఈలోగా గట్టు మీదే, ట్రైలర్ బండి మీద ఉండగానే, ఒకసారి స్టార్ట్ చేసి చూడమన్నాడు. ఈ ఇంజన్‌ను చల్లబరిచేది సముద్రపు నీరే. గట్టు మీదైతే కుళాయి గొట్టం తగిలించాలి.

వాళ్ళ నాన్న షాపుకు వచ్చే స్కూటర్లకు నీళ్ళ పని లేదు. నీళ్ళతో పనిచేసే యంత్రం మా ఇద్దరికీ ఒక్కటే తెలుసు, పెరట్లో మోటారు. దానికి ముందు చెంబుతో నీళ్ళు పోసి, నిండాకే స్విచ్ వేస్తాం. ఉత్తినే తిరిగితే కాలిపోతుంది. అలాగే అతను ముందు కుళాయి తిప్పాడు.

"చాలంటారా?"

"ఇంకాస్త ఆగు. నిండనీ."

వెనక నుంచి నీళ్ళు కారడం చూసి సరే అన్నాను. మీట నొక్కాడు. ఒక సిలిండర్ అంటుకుంది. వెంటనే లోపల ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. అయినా నొక్కుతూనే ఉన్నాడు. చేయి పట్టుకుని లాగాల్సి వచ్చింది.

ఇంజన్ తిరుగుతుంటే పొగ నీళ్ళను బయటికి తోస్తుంది. ఆగి ఉంటే ఆ నీళ్ళు సైలెన్సర్‌లో నిండి సిలిండర్‌లోకి దిగుతాయి. గాలి అణుగుతుంది కాబట్టే పిస్టన్ పైకి రాగలుగుతుంది. నీరు అణగదు.

టౌకే వచ్చి ప్లగ్గులు విప్పించాడు. నీళ్ళు చిమ్మాయి.

"ఇంజన్ ఫస్ట్. వాటర్ ఆఫ్టర్," అన్నాడు నెమ్మదిగా. కోప్పడి ఉంటే బతిమాలడానికి వీలుండేది. కొత్త క్రాంక్ రావడానికి ఆరు వారాలు పడుతుందన్నాడు. గడువులో మిగిలింది పదకొండు రోజులు.

"బాస్, ప్లీజ్. ఎనీ అదర్ ఇంజన్. వన్ వీక్ చాలు," అన్నాడు నా బావమరిది. ఆ చివరి మాట తెలుగులో వచ్చేసిందని అతనికే తెలియలేదు.

"ఐ సే ఎయిటీ," అన్నాడు టౌకే. "యూ షో ఎయిటీ, దెన్ టాక్."

నా బావమరిది ఇప్పుడు తణుకులో వాళ్ళ నాన్న షాపులోనే ఉంటున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో అదే అడుగుతాడు.

"నిజం చెప్పండి బావగారూ. వచ్చేదేనంటారా?"

"ఎనభైన్నర వచ్చేదయ్యా."

"అది మీ కాగితం మీదండి. నీళ్ళ మీద చెప్పండి."

మొన్న యార్డుకు వెళ్ళినప్పుడు టార్పాలిన్ ఎత్తి చూశాను. క్రాంక్ తెప్పించలేదు. మేము అరగదీసిన హెడ్ పక్కనే బోర్లించి ఉంది. నీళ్ళ మీద మేము చూపించింది డెబ్బై ఆరు. చూపిస్తామన్నది ఎనభై. ఈ రోజుకీ బాకీ నాలుగు.