ఆగి ఉన్న కారు, నేను రాసిన అతివేగం

2024 ఎండాకాలం మొదలు. కోరుట్లలో ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేయడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. చిన్న పట్టణంలో ఈ పని చాలావరకు ఫోన్ మీదే సాగుతుంది. ఎక్కడో ప్రమాదం జరిగిందని ఎవరో చెబుతారు, వాట్సాప్‌లో ఫొటో వస్తుంది, ఇంకొకరికి ఫోన్ చేసి పేర్లు రాసుకుంటాం. సాయంత్రంలోపు డెస్క్‌కు పంపుతాం. డెస్క్ అంటే మా వార్తలను దిద్ది పేజీలో పెట్టే ఉపసంపాదకులు.

ఆ రోజు వచ్చిన ఫొటోలో, ఒక ప్రైవేటు ఆసుపత్రి గేటు ముందు, ఎలక్ట్రిక్ కారు ముక్కు కొబ్బరిబొండాల తోపుడు బండిలోకి దూరి ఉంది. బొండాలు అమ్మే పోచవ్వకు పాదం మీద దెబ్బ తగిలింది. కారులో ఉన్నది జగిత్యాలలో ఉండే రాజమల్లు. కారు ఆయన కూతురు డాక్టర్ సునీతది. ఇంతవరకు అంతా నిజమే. తరువాత నేను ఆ కారు గురించి ఫోన్‌లో వెతికాను. ఆరేడు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందట. అది చదివాక వార్త దానంతటదే రాసుకుపోయింది. ‘అతివేగంగా దూసుకొచ్చిన కారు’ అని మొదలుపెట్టి, ‘అతివేగమే కారణమని స్థానికులు చెబుతున్నారు’ అని ముగించాను. ఆ స్థానికుడిని నేనే.

నాలుగు రోజులకు సునీత మా ఆఫీసు గదికి వచ్చారు. ఆమె మత్తు డాక్టరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఏ ఆసుపత్రిలో ఆపరేషన్ ఉన్నా పిలుపు వస్తుంది. గొడవకు వచ్చారనుకుని కుర్చీ జరిపాను.

“నా పేరు ఎందుకు రాసిన్రని అడగనీకి రాలే సార్. మా బాపు బండి ఎక్కుతలేడు.”

“భయపడ్డరా?”

“భయం కాదు. పేపర్ల స్పీడని అచ్చింది కద, నేను స్పీడుగనే పోనిచ్చిన కావచ్చు, నాకు యాదికి లేదు అంటుండు. మతి తప్పుతున్నదని తనకు తనే నమ్ముకుంటుండు. గట్ల కాదు బాపూ అంటే, నువ్వు లోపట ఆపరేషన్‌ల ఉంటివి, నీకేమెరుక అంటడు.”

రాజమల్లుది గంభీరావుపేట దగ్గరి పల్లె. సెంటు భూమి లేక సిరిసిల్లకు వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా సాంచాల మీద బట్ట నేశారు. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. ఆ చప్పుడుకు ఆయన వినికిడి సగం పోయింది. టీవీలో మాటలు అర్థం కావు. అందుకే పొద్దున పేపరును మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతారు. లోకం ఆయనకు ఆ దారినే వస్తుంది.

“మూడేండ్ల సంది నా పక్క సీటు ఆయనదే సార్. నా చిన్నప్పుడు పగలు సాంచె మీద, రాత్రి సాంచె మీద. గిప్పుడే దొరికిండు నాకు” అన్నారు సునీత. ఆ మాట తరువాత నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. నన్ను జగిత్యాల తీసుకుపొమ్మన్నాను.

దారిలో ధాన్యం లారీ ఒకటి అడ్డం వచ్చింది. “సీటుకు ఆనుకోండ్రి” అని ఆమె యాక్సిలరేటర్ నొక్కారు. నా పొట్ట వీపుకు అంటుకుంది, నోట్‌బుక్ ఒళ్లోంచి జారింది. చప్పుడు మాత్రం లేదు. కాలు తీయగానే బండి దానంతటదే నెమ్మదించింది. బ్రేకు తొక్కకపోయినా అలా తగ్గే వేగం కరెంటై మళ్లీ బ్యాటరీలోకి పోతుందని, దాన్ని రీజెన్ అంటారని చెప్పారు.

“గంతే సార్. లారీ దాటేంత సేపే. కాన్పు కష్టమైందని ఫోన్ అస్తే నాకు గీ నాలుగు సెకండ్లే కావాలె. బాపు పక్కన ఉంటే మాత్రం మెల్లగనే పోత, ఆయనకు కండ్లు తిరుగుతయ్. బండి జరుపుడు, నిలుపుడు కొడిమ్యాల కాడ ఖాళీ రోడ్డు మీద నేనే నేర్పిన. లైసెన్సు అచ్చిననాడు ఊరంత చూపెట్టిండు.”

రాజమల్లు వరండాలో కూర్చుని ఉన్నారు. నేను నోట్‌బుక్‌లో ప్రశ్న రాసి చేతికిచ్చాను. ‘కాకా, ఆ రోజు బండి ఎక్కడి నుంచి వచ్చింది?’

“ఎక్కడికెల్లి అస్తది సారు? గేటు కాడ నిలవడ్డది” అన్నారాయన, సాంచాల మనుషులు మాట్లాడినట్టు గట్టిగా. “అంబులెన్సు అస్తున్నదని వాచ్‌మన్ చెయ్యి ఊపిండు. నేను ఇటు స్టీరింగు సీట్లకు జరిగి, పదడుగులు ముంగటికి తీసి ఆపిన. స్టీరింగు మీద చెయ్యి వెట్టి చూసిన. అదురు లేదు. అదురు లేదంటే సాంచె బందైనట్టే కద! బండి బందైందని కాలు సాపిన. గంతల్నే ఉరికింది.”

ఆయన ఆగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు నా ముఖంలోకి చూశారు.

“మరి మీరు రాసిన స్పీడు ఎప్పటిది సారు?”

బ్రేకు తొక్కి ఆపితే, కాలు తీసినా బండిని కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటు ఆ కారులో ఉంది. ఆటో హోల్డ్ అంటారు. ఇంజను లేదు కనుక అదురూ లేదు. చాపిన కాలు యాక్సిలరేటర్‌కు తగలగానే ఆ పట్టు వదిలి బండి ముందుకు ఉరికింది. ముప్పై ఏళ్లు అరచేతితో యంత్రం ప్రాణం పసిగట్టిన మనిషి ఆ రోజు కూడా అదే పద్ధతిలో చూసుకున్నారు. నేను ఏ పద్ధతిలోనూ చూడలేదు. ‘అది నేను చూడకుండా రాసింది’ అని కాగితం మీద రాసిచ్చాను.

ఆయన రెండుసార్లు చదివారు. “అయినా తప్పు నాదే కద. కాలు వెట్టింది నేనే.”

“కాలు మీదే కాకా. స్పీడు మాత్రం నాది” అన్నాను చెవి దగ్గర గట్టిగా.

ఆయన నవ్వలేదు. “మీరు చెప్తే ఏమైతది సారు. పేపర్ల రావాలె.”

మరునాడు పోచవ్వ దగ్గరికి వెళ్లాను. “స్పీడేంది సారు, నిలవడ్డ బండే! గాయినే దిగచ్చి నా కాలు కడిగి కట్టు కట్టిపిచ్చిండు. గప్పుడు నువ్వెక్కడున్నవ్?” అని అడిగింది. బొండాం కొట్టించుకుని తాగాను.

సవరణ వేయమంటే డెస్క్ విసుక్కుంది. సవరణ అంటే, తప్పు రాశామని పత్రికే ఒప్పుకుని వేసే నాలుగు ముక్కలు. “ఎవరూ కేసు పెట్టలేదు, ఎవరూ అడగలేదు, ఎందుకండీ మనకు?” అన్నారు. ఒక్కరు అడిగారని చెప్పాను. మనం రాసినదాన్ని తన జ్ఞాపకం కంటే ఎక్కువగా నమ్మే మనిషి ఒకడు జగిత్యాలలో ఉన్నాడని చెప్పాను. చెబుతుంటే నాకే భయమేసింది. ఇరవై రెండేళ్లలో అలాంటివాళ్లు ఇంకెందరో. అప్పటి నుంచి ‘స్థానికులు’ అని రాయాల్సి వస్తే, ముందు వెళ్లి ఒకరి పేరైనా తెలుసుకుంటున్నాను.

సవరణ లోపలి పేజీలో, అడుగున వచ్చింది. ‘ఆగి ఉన్న కారు పొరపాటున ముందుకు కదిలింది. అతివేగమని రాయడం మా తప్పు.’

ఆ పొద్దున సునీత సిరిసిల్లకు బయలుదేరుతూ చెప్పులు వెతుక్కుంటుంటే, రాజమల్లు అప్పటికే వెళ్లి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారట. బండి కదిలాక కూతురితో ఒకే మాట అన్నారట.

“మెల్లగ పో బిడ్డా. పేపరోళ్లకు పని పెట్టకు.”