వేసవిలో గంట కలపాలి

వాన ఎప్పుడు ఆగుతుందని అడిగేవాళ్ళకు ఆర్డిస్ ఫాల్నెస్ జవాబు చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆ ప్రశ్న చెవిన పడగానే కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఇంకేమైనా అడగండి" అనేది. ఇరవై రెండేళ్ళు క్యానరీలో, అంటే చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో, సాల్మన్ చేపలు కోసి, అది మూతపడ్డాక కెనడా పడమటి తీరాన ప్రిన్స్ రూపర్ట్‌లో యాత్రికుల కౌంటర్ వెనక కూర్చున్న మనిషి. డెబ్భై దాటినా ఆ కుర్చీ వదల్లేదు. చేపలే నయమనేది. కోస్తుంటే ప్రశ్నలు వేయవు.

ఆమె చెప్పే సలహాలన్నీ చీవాట్లలాగే ఉండేవి. "గొడుగు మీ గదిలో వదిలేసి రండి, ఈ గాలికి అది మీ మాట వినదు. తలకి టోపీ ఉన్న కోటు కొనుక్కోండి. టెరేస్ ఊరి వైపు వెళ్తే పెట్రోలు నింపుకుని మరీ కదలండి. నూట నలభై కిలోమీటర్లు బంకు లేదు, ఫోనూ పలకదు. ఎలుగుబంటి కనబడిందని మలుపులో బండి ఆపకండి, వెనక వచ్చే లారీవాడు దాన్ని చూడ్డానికి రావట్లేదు. వీధిలో జింకలకి బిస్కెట్లు పెట్టకండి. నా క్యాబేజీ తిని బాగానే బతుకుతున్నాయి."

పక్క కుర్చీలో లొరేటా వెస్లీ నవ్వు ఆపుకునేది. ఆమె ఆర్డిస్ కంటే ముప్ఫై ఏళ్ళు చిన్నది.

"ఆంటీ, వాళ్ళు సెలవులకి వచ్చారు. శిక్షకి కాదు."

"తడవడానికి వచ్చారు. తడవడం ఎలాగో చెబుతున్నా."

ఒక జూన్‌లో వెర్నన్ డెర్క్‌సెన్ అనే గోధుమ రైతు వచ్చాడు, సస్కాచువాన్ మైదానాల నుంచి. పెద్దాయన. గొడుగు తెచ్చాడు, అప్పటికే రెండు ఊచలు విరిగాయి. వాన సంగతి మాత్రం అడగలేదు. ఊరవతల ఇరుకు పాయలో, ఆటు వేళ సముద్రం రాళ్ళ మీదుగా వెనక్కి దూకే చోటు గురించి అడిగాడు. అతని అక్క అగాథా పడుచుతనంలో రెండు వేసవులు ఇక్కడి క్యానరీలో పనిచేసిందట. ఇప్పుడు ఆమెకి చూపు పోయింది, మంచం దిగదు. ఆ నీళ్ళ హోరు ఒక్కసారి వినాలని ఉందంది. ఫోన్‌లో రికార్డు చేసుకు వెళ్ళాలి. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి అతని రైలు.

"అయితే మీకున్నది ఈ పూట ఆటు ఒక్కటే" అంటూ ఆర్డిస్ కొత్తగా వచ్చిన ఆటుపోట్ల కాగితం తీసింది. సాయంత్రం నాలుగున్నర అని ఉంది. దాన్ని పెన్సిల్‌తో కొట్టేసి అయిదున్నర అని రాసింది. ఇక్కడ వేసవి వస్తే గడియారాలన్నీ గంట ముందుకి తిప్పుకుంటారు. ఆటుపోట్ల పుస్తకం మాత్రం ఏడాది పొడుగునా చలికాలపు గడియారం ప్రకారమే వేళలు వేస్తుంది, వేసవిలో గంట కలుపుకోవాలి. పడవవాళ్ళ ఇళ్ళలో ఇది పిల్లలకి కూడా తెలుసు. బయటివాళ్ళు కలపరు, వెళ్ళి చప్పుడు లేని నీళ్ళు చూసి, వచ్చి ఆమె మీద విరుచుకుపడతారు. ఇలాంటివాళ్ళతో ఆమె ప్రాణం విసిగిపోయింది.

"అయిదున్నర. అడవిలో నలభై నిమిషాల నడక. తొందరపడి ముందే పోకండి" అని రెండుసార్లు చెప్పింది.

ఏడింటికి పది నిమిషాలుండగా అతను తిరిగొచ్చాడు. బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"చెరువులా ఉందమ్మా. చప్పుడే లేదు. గంట కిందట బ్రహ్మాండంగా ఉందని ఎదురొచ్చినవాళ్ళు చెప్పారు."

"మీరు దారి తప్పుంటారు."

"దారి ఒక్కటేగా."

"మధ్యలో కూర్చునుంటారు."

"కూర్చుంటే నేను లేవలేను. అందుకే కూర్చోను."

లొరేటా ఆ కాగితం తీసుకుని అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివింది. "ఆంటీ, ఇందులో వాళ్ళే గంట కలిపేశారు. ఈ ఏటి నుంచి."

ఆర్డిస్ కాగితం లాక్కుని చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. "నన్నడక్కుండా ఎలా కలుపుతారు? ఈ చీమతలకాయంత అక్షరాలు ఎవడికి కనబడతాయి?" కాసేపు ఆ కాగితాన్ని, అచ్చువేసినవాణ్ణి, తన కళ్ళజోడునీ తిట్టింది. డెర్క్‌సెన్ విరిగిన గొడుగు మడుస్తూ, "పోన్లెండి, మా అక్కకి ఏదో ఒకటి చెబుతాను" అన్నాడు.

ఆ మాట ఆమెకి బొత్తిగా పడలేదు. ఏదో ఒకటి చెబుతాడట.

"మళ్ళీ ఆటు తెల్లారి అయిదింటికి. నాలుగింటికి మీ హోటల్ ముందుంటాను. ఆ గొడుగు తెచ్చారో, బండి ఎక్కనివ్వను."

తెల్లారీ తెల్లారకముందే ఇద్దరూ అడవి దారిన దిగారు. ఆమె ముందు, మోకాళ్ళని తిట్టుకుంటూ, అతను వెనక. వాన దేవదారుల మీంచి కారుతూనే ఉంది. సగం దారిలోనే హోరు వినబడింది. ఒడ్డుకి చేరేసరికి పాయ మొత్తం తెల్లగా మరుగుతోంది. డెర్క్‌సెన్ ఫోన్ కోటు కింద నుంచి తీసి, నీళ్ళ వైపు పట్టుకుని అడుగు ముందుకేశాడు.

"ఆ నాచు మీద కాలు పెట్టకండి, జారి చస్తారు" అని ఆర్డిస్ అరిచింది.

అతను వెనక్కి చూసి పెదవి మీద వేలు పెట్టాడు. ఆమె నాలుగు నిమిషాలు నోరు మూసుకుని నిలబడింది. ఆ తర్వాత ఈ సంగతి ఆర్డిస్ ఎంత చెప్పినా లొరేటా నమ్మలేదు.

అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. హోరుంది. హోరు మొదట్లో ఆమె కేక కూడా ఉంది.

"తుడిచేసి మళ్ళీ తీసుకోండి. ఇంకా పది నిమిషాలు ఉంటుంది."

"వద్దమ్మా. క్యానరీలో మేస్త్రీ ఆవిడ పొద్దస్తమానం ఇలాగే అరిచేదని అక్క చెప్పేది. ఇది వింటే వదలదు."

ఆర్డిస్ అతని వంక కోపంగానే చూసింది. "రైలుకి టైమవుతోంది, నడవండి" అంటూ దారి పట్టింది. నాలుగడుగులు వేసి ఆగింది.

"మీ అక్కకి చెవులు బాగానే వినబడతాయా?"

"కాస్త మందం."

"అయితే ఆ కేక చాలదు" అంటూ ఆమె నీళ్ళ దగ్గరికి తిరిగొచ్చింది. "ఫోన్ తీయండి."