అత్తమ్మ చాయ్‌లో చేదు

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రోజూ డైరీ రాస్తాను, అందులో కూడా దీన్ని రాయలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా మేనత్త మాతోనే ఉండేది. నలుగురిలో నోరు విప్పని నన్ను ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గరికి తీసుకెళ్లింది ఆమే. తరువాత ఆమెకు గొంతులు వినబడటం మొదలైంది. మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక. మైకులో రైళ్ల పేర్లు చెబుతుంటే తన పేరు పిలుస్తున్నారనేది. "నన్నే గదనే?" అని నా మొహం చూసేది. "కాదత్తా, బండి గురించే" అంటే శాంతించేది. నా మాటను అంతగా నమ్మేది.

డాక్టరు స్కిజోఫ్రేనియా అన్నారు. అత్త మాత్రలు మింగనంది. నా చేతి చాయ్ మాత్రం తాగేది కనుక, అందులో కలపమన్నాడు నాన్న. అల్లం దంచే చిన్న రోట్లోనే మాత్ర నూరి, చేదు తెలియకుండా చక్కెర ఎక్కువ వేసేదాన్ని.

ఒక సాయంత్రం ఆమె గ్లాసు కింద పెట్టింది.

"నా చాయ్‌ల ఏదో కలుపుతున్రే. నువ్వైతే కలపవు గద బిడ్డా?"

"పిచ్చా అత్తా నీకు? ఎవరు కలుపుతరు?"

పిచ్చి అనే మాట అంతవరకు మా ఇంట్లో ఎవరూ ఆమె ముందు అనలేదు. ఆమె నవ్వింది. "ఔ, గిప్పుడు నాలుక గూడ మోసం జేస్తున్నట్టుంది" అని మొత్తం తాగేసింది.

ఆమె బాగు కోసమే కదా అనుకున్నాను. నిజంగా అందుకేనా? లేక ఆ కళ్లలోకి చూసి "ఔ, నేనే" అనే ధైర్యం లేకనా?

కొన్నేళ్లకు రోట్లో తెల్లటి పొడి ఆమె కంటబడింది. అరవలేదు. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

"చేదు నిజమే అయితే, గా పిలిచేటోళ్లు గూడ నిజమే గద" అంది.

ఆ తరువాత ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఇప్పుడు దవాఖానలో ఉంది. సూదులు వేస్తున్నారు, పెద్దగా మార్పు లేదంటున్నారు. నేను తీసుకెళ్లిన బిస్కెట్ ప్యాకెట్‌ను తిప్పి తిప్పి చూసి పక్కన పెడుతుంది. బయట వరండాలో ఎవరినో పిలుస్తారు. ఉలిక్కిపడుతుంది, కానీ ఒకప్పటిలా నా మొహం చూడదు. "నిన్ను కాదత్తా" అంటాను. గోడవైపు తిరుగుతుంది.

గొంతులు జబ్బువి. చేదు నాది. ఆ రెండూ వేరని ఆమెకు చెప్పగలిగిన దాన్ని నేనొక్కదాన్నే. నా మాట ఇక ఆమెకు పనికిరాదు.

క్షమించమని అడగను. అడిగినా ఆమె నమ్మదు. ఇన్నేళ్లకు కనీసం కాగితం మీదైనా ఆమె ప్రశ్నకు జవాబు రాస్తున్నాను.

ఔ అత్తా. కలిపింది నేనే.