బాపు నేయించిన పట్టుచీర

మొన్న మా అమ్మాయితో కలిసి మేడ్చల్ హైవే మీద కొత్తగా వెలిసిన బట్టల దుకాణానికి వెళ్ళాను. బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి చీర పెట్టాలి. నాలుగంతస్తుల దుకాణం, లోపల చలిపుట్టించే ఏసీ, గుమ్మం దగ్గరే చేతిలో పెట్టే బాదంపాలు. ఆ బాదంపాలు తాగినవాళ్ళు చీర కొనకుండా బయటపడటం కష్టం, మన మొహమాటం అలాంటిది. చీరలు పరిచి చూపిస్తున్న పిల్ల ఒకదాన్ని విడిగా తీసి, గొంతు కాస్త తగ్గించి, "ఇది అహింసా పట్టు మేడమ్. పురుగును చంపకుండా, అది సీతాకోకచిలుకలాగా ఎగిరిపోయాక తీసిన దారం" అంది. నేను పకపకా నవ్వేశాను. ఆ పిల్ల బిత్తరపోయింది, మా అమ్మాయి నా చెయ్యి గిల్లింది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు, ఎవరో చెప్పమన్నది చెప్పింది. కానీ ఆ పురుగు ఎగరదని నాకు తెలుసు. ఎగురుతుందని నమ్మి ఒక మధ్యాహ్నమంతా కిటికీలు బార్లా తెరుచుకుని కూర్చున్న క్లాసులో నేనూ ఉన్నాను.

అది తొంభైల నడిమి కాలం. మా నాన్నగారి ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి మేడ్చల్‌లో దిగాం. మాది కాలనీ అని పేరే గానీ, రాళ్ళు పాతిన ప్లాట్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్ళు, వాటి మధ్య జొన్న చేలు. సాయంత్రమైతే గేదెలు మా గేటు ముందు నుంచి కాదు, గేటు లోపలి నుంచి వెళ్ళేవి, అంతకుముందు అది వాటి దారి కాబట్టి. డిగ్రీ కాలేజీలో చేరిన మొదటి రోజు ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నిలబడి ఉంటే, "ఏందే, గట్ల సూస్తున్నవ్? కూసో రా" అని బెంచీ మీద జరిగి చోటిచ్చిన అమ్మాయి శామీర్‌పేట నుంచి వచ్చేది. అప్పటి నుంచి మా స్నేహానికి ఎన్నడూ వేరే ముహూర్తం అవసరం రాలేదు. ఆమెది భూములున్న కుటుంబం. చెరువు కింద వరి పొలం, పైన చెలకలో మల్బరీ తోట, తోట పక్కన పట్టుపురుగులు పెంచే షెడ్డు. ఊళ్ళో అందరూ పట్టు సాగులోకి ముందు ఎవరైనా దిగితే చూద్దామని గట్టు మీద నిలబడితే, ఆమె తండ్రి, వాళ్ళ మాటలో బాపు, ఒక్కడే దిగి, ఆ షెడ్డుతోనే నిలదొక్కుకున్నాడు.

ఆ షెడ్డు చూడ్డానికి మొదటిసారి వెళ్ళినప్పుడు నన్ను వాకిట్లోనే ఆపేశారు. నేను పౌడర్ రాసుకుని వచ్చాను. పురుగులకు ఏ వాసనా పడదట. అవ్వ, అంటే వాళ్ళమ్మ, నన్ను బావి దగ్గరికి తీసుకెళ్ళి, చంటిపిల్లకు కడిగినట్టు మొహం, మెడ, చేతులు కడిగించి, చెప్పులు విడిపించి, అప్పుడు లోపలికి పంపింది. లోపల వరసగా తట్టలు, తట్టల నిండా తెల్లని పురుగులు, వాటి మీద పచ్చని ఆకు. చిటపటమని చప్పుడు వింటే బయట వాన మొదలైందనిపించి, దండెం మీద అవ్వ ఆరేసిన బట్టలు తీద్దామని లేచాను. నా స్నేహితురాలు పడీ పడీ నవ్వింది. అది పురుగులు ఆకు మేస్తున్న చప్పుడు. కుబుసం విడిచే ముందు అవి మేత మాని తలలెత్తి కదలకుండా ఉండే రోజుల్ని ఆ ఇంట్లో 'జ్వరం' అనేవాళ్ళు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు, పోపు పెట్టకూడదు. వాళ్ళ బాపు గొంతు ఊరి పంచాయితీలో అవతలి వీధికి వినబడేది, షెడ్డులోకి వచ్చేసరికి ఆయన గుసగుసగా మాట్లాడేవాడు. కన్నబిడ్డల్ని కూడా అంత ముద్దుగా చూసుకుని ఉండడని అవ్వ ఎత్తిపొడిచేది. పురుగులు గూళ్ళు కట్టడం పూర్తవగానే సంచుల్లో నింపి మార్కెట్‌కు పంపేవాడు. ఆ తర్వాత వాటికి ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు. అది దాచిన విషయం కాదు, వాకిలి దాటిపోయిన పంట గురించి ఎవరు మాట్లాడతారు?

రెండో సంవత్సరంలో మా జువాలజీ సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. పట్టుపురుగు జీవితచక్రం పుస్తకంలో బొమ్మ చూసి గీస్తే ఏం లాభం, కళ్ళతో చూడాలి అన్నారు. శామీర్‌పేట నుంచి సంచీడు గూళ్ళు వచ్చాయి. సగం గూళ్ళను మరిగే నీళ్ళలో వేసి దారం ఎలా తీస్తారో చూపించారు. గది నిండా అదోరకం నీచు వాసన. పోగు అంతా చుట్టుకున్నాక గిన్నెలో మిగిలినవి చూసి ఇద్దరు అమ్మాయిలు బయటికి పరుగెత్తారు. మిగిలిన సగం గూళ్ళను అట్టపెట్టెలో పెట్టి, "వీటిని బతకనిద్దాం, ఏం జరుగుతుందో చూడండి" అన్నారు సార్. ఇక చూడండి మా హడావిడి. చంపినవాటికి ప్రాయశ్చిత్తంలాగా పెట్టెకు కాపలా కాశాం. బయటికి వచ్చే సీతాకోకచిలుకలకు ఆకలి వేస్తుందని ఒకమ్మాయి బెల్లం నీళ్ళు, ఒకమ్మాయి తేనె తెచ్చి దూది తడిపి పెట్టారు. గూళ్ళను తొలుచుకుని అవి బయటపడిన రోజున నేనే వెళ్ళి కిటికీలన్నీ తెరిచాను. తెల్లగా, నూగుతో, ఎంత ముద్దుగా ఉన్నాయో. రెక్కలు టపటప కొట్టుకున్నాయి, పెట్టె అంచుదాకా నడిచాయి, అక్కడే గిర్రున తిరిగాయి. ఎగరలేదు. మేము ఊదాం, చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర పెట్టాం. ఎగరలేదు. తేనె వైపు చూడనైనా లేదు. మనుషులు తరతరాలుగా పెంచి పెంచి వీటికి ఎగిరే శక్తి లేకుండా చేశారనీ, ఈ దశలో తినడానికి పనికొచ్చే నోరే వీటికి ఉండదనీ, గుడ్లు పెట్టి చచ్చిపోతాయనీ సార్ అప్పుడు చెప్పారు. ముందే తెలిసీ మాకు చెప్పలేదు, అసాధ్యుడు.

అందరం ఉసూరుమంటుంటే, నా స్నేహితురాలు మాత్రం పెట్టె మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "పుట్టిన కాంచి వీటి నడుమనే పెరిగిన. వీటి మొకం ఇయ్యాలనే సూస్తున్న" అంది. అప్పుడు గానీ నాకు తట్టలేదు. వాళ్ళింట్లో గుడ్లు బయటి నుంచి వస్తాయి, గూళ్ళు బయటికి పోతాయి. మధ్యలో ఉన్న పురుగును వేలకు వేలు సాకారు గానీ, చివరికి అది ఏమవ్వాలో దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె ఏడవలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. "నేనింక పట్టు కట్టను" అంది, పెన్ను మూత పెట్టినంత మామూలుగా.

ఆమె అన్నాక మేం ఊరుకుంటామా? ఆ నెలంతా కాలేజీ అట్టుడికిపోయింది. లైబ్రరీలో ఇంగ్లీషు పత్రికలు తిరగేసి, షాంపూలు, లిప్‌స్టిక్కులు కుందేళ్ళ కళ్ళలో వేసి పరీక్షిస్తారని చదివి, నోటీసు బోర్డు నిండా కుందేలు బొమ్మలు అంటించాం. బొమ్మలు వేసినమ్మాయికి చెయ్యి తిరగక అవి ఎక్కువగా మేకల్లా కనబడ్డాయి, అయినా ఎవరూ నవ్వలేదు. పట్టు కట్టం, తోలు చెప్పులు వేయం, లిప్‌స్టిక్ రాయం అని చేతిలో చెయ్యి వేసి ఒట్లు పెట్టుకున్నాం. కాలేజీ డేకి అమ్మాయిలందరం నూలు చీరల్లో వస్తే ప్రిన్సిపాల్ గారు ఎవరో పోయారేమోనని కంగారుపడ్డారు. ఇంటికొచ్చి మా బామ్మ మీద పడ్డాను. ఆవిడ రోజూ పట్టుచీర కట్టుకుని మడిగా వంట చేసేది. ప్రాణం తీసి తెచ్చిన దారం మడి ఎలా అవుతుందని నిలదీశాను. "ఒసేయ్, నూలుచీరైతే రోజూ తడిపి ఆరేసుకోవాలి, పట్టుకి ఆ బాధ లేదు. నీ పురుగుల గోల నాకు చెప్పకు, దీపం పెట్టుకోనీ" అంది. మర్నాడు మాత్రం ఒంటరిగా దొరకబుచ్చుకుని, "నిజంగా బతికుండగానే ఉడికిస్తారుటే?" అని అడిగింది. అవునన్నాను. ఆవిడ ఆ చీర మానలేదు, మానుతుందని నేనూ అనుకోలేదు. కానీ పూజ దగ్గర నేను కనబడితే కొంగు గబగబా సర్దుకునేది.

వానాకాలం రాగానే ప్లాస్టిక్ చెప్పులు కరిచి, తోలు చెప్పుల ఒట్టు ముందు పోయింది. తర్వాత పెళ్ళిళ్ళయ్యాక ఒకరికి ఆడపడుచు పెట్టిన చీర, ఒకరికి సీమంతం చీర, అందరికీ ఏదో ఒక కారణం, నాతో సహా. డిగ్రీ అయిపోయిన వేసవిలో నా స్నేహితురాలికి కీసర సంబంధం కుదిరింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. తన షెడ్డులో పండిన మేలిరకం గూళ్ళను వాళ్ళ బాపు అమ్మకుండా విడిగా ఉంచి, దారం తీయించి, పోచంపల్లి పంపి, కూతురి పెళ్ళికని చీర నేయించాడు. ఎర్ర చీర, పచ్చని అంచు. ఎవరికీ చెప్పకుండా తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టాడు. ఆమె చీరను కళ్ళకద్దుకుని, మడిచి, తిరిగి ఆయన చేతుల్లో పెట్టి, కట్టుకోనంది.

మర్నాడు నాకు కబురొచ్చింది. వెళ్ళేసరికి తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకోవడం లేదు. ఆయన మంచం మీద, ఆమె గడప మీద. "నువ్వన్న జెప్పు బిడ్డా" అన్నాడు నాతో. "దీని సదువు, గీ ఇల్లు, అన్ని గా పురుగులు పెట్టినయే. గా అన్నం తిని, ఇయ్యాల నా పంటనే పాపమంటాంది." ఆమె అక్కడి నుంచే జవాబిచ్చింది. "పాపమంటలేను బాపూ. నువ్వు తప్పు జేసినవని గూడ అంటలేను. నేను ఒంటి మీద ఏసుకోను, గంతే." ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకు మనసు కరిగిపోయింది. ఆమెను పెరట్లోకి తీసుకెళ్ళి, ఒక్క ఫోటో వరకు కట్టుకో, ఆయన సంతోషిస్తాడు, తర్వాత మార్చుకో అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపులో కోపం లేదు. "బాపును సూస్తె నాకు మస్తు బాధైతాంది. బాధైతె కట్టుకోవాల్నా? మల్ల ఆ దినం పెట్టె కాడ నేనన్న మాటేంది?" అంది. ఆమెకు తండ్రి అంటే ప్రాణం. పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయే ముందు ఆయనతో మాట పోగొట్టుకోవడం ఎంత కష్టమో ఆమె మొహంలో తెలుస్తూనే ఉంది. అయినా కదల్లేదు.

పెళ్ళిరోజు దాకా ఆయన మాట్లాడలేదు. పందిట్లోకి మేనమామ ఎత్తుకొచ్చిన పెళ్ళికూతురు పసుపురంగు నూలుచీరలో ఉంది. గుసగుసలు మొదలయ్యాయి. పెళ్ళికొడుకు మేనత్త ఒకావిడ అందరికీ వినబడేలా, "అయ్యో, బిడ్డకు పట్టుచీరె సుత తేలేకపోయిండ్రా?" అంది. అది బాపు పరువు మీదికి వచ్చిన మాట, ఆయన కోపం ఊరంతటికీ తెలుసు. ఆయన కండువా సర్దుకుని లేచాడు. "చీరె ఉన్నదమ్మా. నా పురుగులు కట్టిన గూళ్ళే, నేనే నేయించిన. మా బిడ్డ కట్టుకోనన్నది. ఎందుకో దాన్నే అడుగుండ్రి, మస్తుగ సమజయ్యేటట్టు జెప్తది" అన్నాడు. పెళ్ళికొడుకు ముసిముసిగా నవ్వాడు. ముహూర్తం దగ్గరపడి పంతులుగారు మధుపర్కాలు కట్టుకు రమ్మన్నారు. అవి ఎలాగూ తెల్లని నూలువే. "పుస్తె కట్టేది నూలుచీరె మీదనేనాయె. గింత దానికి ఇన్ని దినాలు లొల్లి జేసిండ్రు తండ్రీ బిడ్డలు" అని అవ్వ నా చెవిలో విసుక్కుంది.

అప్పగింతల్లో తండ్రి కూతురి చేతిని పాలల్లో ముంచి అత్తమామల చేతుల్లో పెట్టి, మా పిల్ల అమాయకురాలు, ఏం తెలియదు, మీ బిడ్డలా చూసుకోండి అని చెప్పడం ఆనవాయితీ. ఆయన చెయ్యి పట్టుకున్నాడు గానీ ఆ మాటలు అనలేదు. పంతులుగారు అందించబోతే తల అడ్డంగా ఆడించాడు. కూతురి వైపు తిరిగి, ఇన్నాళ్ళకు మొదటిసారి ఆమెతోనే మాట్లాడాడు. "నీకేం తెల్వదని నేనెట్లంటనే? నా ముంగటనే నిలవడ్డవ్. ఇగ యాడైన నిలవడ్తవ్. నాకు ఫికర్ లేదు పో" అన్నాడు. అప్పుడు ఏడ్చింది ఆమె, ఆ పట్టుదలంతా కరిగేలా ఆయన భుజం మీద పడి ఏడ్చింది.

ఆమె మాటతో లోకం మారిపోయిందని చెప్పను. ఆయన ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పురుగుల్ని పెంచాడు, అంతే ముద్దుగా. రెండువేలు దాటాక భూముల ధరలు పెరిగి తోట ప్లాట్లయింది. ఆమె కీసరలో కోడళ్ళను తెచ్చుకుంది, ఎన్నో పెళ్ళిళ్ళు చేసింది, చూసింది. ఏ పెళ్ళిలోనూ ఆమె ఒంటి మీద పట్టు లేదు, ఎవరినీ కట్టవద్దని అన్నదీ లేదు. ఇరవై ఏళ్ళప్పుడు అన్న మాటను లోకం కుర్రతనం అంటుంది, యాభై వచ్చాక కూడా దాని మీదే నిలబడితే గొప్పతనం అంటుంది. ఆ రెంటి మధ్యా గడిచిన కాలానికి మాత్రం ఎవరూ పేరు పెట్టరు, ఆ కాలమంతా ఆ మాటను ఆమె ఒక్కతే మోసింది.